తిన్నది ఒంటబట్టవలెనన్న

ఉండి ప్రాంతము నుండి ఒక గృహిణి మా కేంద్రమునకు వ్రాసిన ఉత్తరముతో ఈ ప్రసంగమును ప్రారంభింతుము. మాకు వచ్చు ఉత్తరములలో పెక్కు పాటలు కోరునవి. కొన్ని మా ఉచ్చారణ దోషములను దిద్దునవి. ఇది ఆ రెండు తెగలకును చేరినది కాదు. "మా అత్తయ్యగారికి అయిదు నెలలుగా నోరు పూస్తోంది. నాలుక ఎర్రగా పుండులా ఉంది. చారన్నం కూడా మండుతోందంటారు. రోజుకు నాలుగైదు విరేచనాలు. వేడి చేసిందని అందరూ అన్నారు. పత్యం పెడుతున్నాం. బలం బిళ్ళలు తెచ్చి వేస్తున్నాం. కానీ తిన్నది ఏదీ ఒంటబట్టడం లేదు. ఒంటబట్టకపోవడం అంటే అసలు ఏమిటండీ? రేడియోలో చెప్పించగలరా?" అని ఆమె ప్రశ్న.

మేము వైద్యులము కాము. వైద్యులను అడిగి, వారి గ్రంథములు చదివి, తెలిసినంత మేర వినిపించుట మా వృత్తి. అయినను ఈ ప్రశ్నలోని మాట మాకు మిక్కిలి నచ్చినది. గ్రంథములు దీనినే శోషణము అనును. ఆ మాట విన్నవారికి ఏమియు బోధపడదు. కడుపులో పడిన అన్నము ఇంకను ఒంటిలో పడినది కాదని, ఆ రెంటి నడుమ దాటవలసిన గట్టు ఒకటి కలదని మన పెద్దలు గ్రహించియే 'ఒంటబట్టుట' అన్నారు. నోటితో మొదలై మలద్వారముతో ముగియు జీర్ణనాళము, సరిగా ఆలోచించినచో, దేహము నడుమ నుండి సాగిపోవు ఒక కాలువ మాత్రమే. అందు పారునది ఇంకను మనది కాదు. ఉండి ప్రాంతపు రైతులకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. కాలువ గట్టు తెగునంత నిండుగా పారుచున్నను, బోదె పూడిపోయిన చేనికి చుక్క నీరందదు.

మన కడుపులో ఆ బోదెలు ఎక్కడ నున్నవి? చిన్నప్రేవు ఇంచుమించు ఆరు మీటర్ల పొడవు గలది. దాని లోపలి గోడ నున్నని గొట్టము వంటిది కాదు. ఆకుమడిలో నారు లేచినట్లు, ఎత్తున ఒక మిల్లీమీటరునకు మించని మొలకలు లక్షల కొలదిగా అందు నిలిచియుండును. వీనిని ఆంత్రచూషకములందురు. అన్నములోని సారమును పీల్చి రక్తమునకు అందించునవి ఇవియే. ఈ మడిలో ఒక విశేషము కలదు. మన దేహములోని ఎముక, కండరము ఏండ్ల తరబడి నిలుచును గాని, ప్రేవు లోపలి పొర మూడు నుండి అయిదు దినములలో మొత్తము మారిపోవును. సోమవారము నాటి భోజనమును పీల్చుకొన్న కణములు శనివారము నాటికి ఉండవు. పాతవి రాలిపోవుచుండ క్రిందనుండి క్రొత్తవి లేచుచుండవలెను. నారు పోయుట ఒక్క వారము ఆగినను మడి బోసిపోవును.

ఇట్లు నిత్యము క్రొత్త కణము పుట్టవలెనన్న, ప్రతి కణమును తనలోని బీజద్రవ్యమును రెండింతలు చేసికొనవలెను. ఆ పనికి ఫోలిక్ ఆమ్లము, బి12 అను రెండు విటమినులు ఆవశ్యకములు. ఇవి కొరవడినప్పుడు, దేహములో ఏ భాగములు అతివేగముగా పెరుగుచుండునో వానికే ముందుగా దెబ్బ తగులును. రక్తమును పుట్టించు ఎముకల మజ్జ, నాలుక పైపొర, ప్రేవు లోపలి పొర ఆ కోవలోనివి. మనిషి పాలిపోవును, నాలుక మీది గరుకుదనము పోయి ఎర్రగా, నున్నగా, మంటగా తయారగును, ప్రేవులోని మొలకలు పొట్టివై, ఒండొంటికి అంటుకొని, ఒక్కొక్కప్పుడు దాదాపు చదునగును. అప్పుడు తిన్నది తిన్నట్లే క్రిందికి జారిపోవును.

శ్రోతలు ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. విటమిను లోపించుట వలన ప్రేవు చెడినది. ప్రేవు చెడుట వలన విటమిను ఒంటబట్టుట లేదు. ఒంటబట్టకపోవుట వలన లోపము హెచ్చుచున్నది. హెచ్చిన కొలదిని ప్రేవు మరింత చెడుచున్నది. పూడిన బోదె వలన చేను ఎండి, చేను ఎండుట వలన బోదె తీయు కూలికి డబ్బు లేక, బోదె మరింత పూడినట్లున్నది ఈ వ్యవహారము. విటమిను లోపమనగానే విస్తరిలో ఏమి తక్కువైనదా అని మాత్రమే చూతుము. ఆ విస్తరిని అందుకొనవలసిన ప్రేవే ఆ లోపమునకు తొలి బలియని తలపోయము.

జీర్ణనాళమును ఇట్లు బాధించునవి ఈ రెండే కావు. రైబోఫ్లేవిన్ తగ్గినచో పెదవుల మూలలు పగులును. థయమిన్ తగ్గినచో ఆకలి చచ్చి, వాంతియు మలబద్ధమును కలుగును. ఆ థయమిన్ లోపముతో వచ్చు బెరిబెరి ఒకప్పుడు మన సర్కారు జిల్లాల పేరుతోనే వైద్య గ్రంథములకెక్కినది. కూనూరులో పరిశోధన సాగించిన మెకారిసన్ తన సహచరుడు నారిస్‌తో కలిసి 1924లో బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. తమిళ, మలయాళ సీమలలో ఉప్పుడు బియ్యము తినువారికి తవుడులోని సారము కొంత గింజలోనికి ఇంకుటచేత ఆ వ్యాధి అంతగా సోకలేదు. మర పట్టిన తెల్లని పచ్చి బియ్యమునే ఇష్టపడిన మనవారికి సోకినది. అన్నపూర్ణ అని పేరుపడిన సీమలో అన్నమే లోపమునకు కారణమగుట ఎంత చిత్రము! అదే మెకారిసన్ 1920 ప్రాంతమున కోతులకు విటమినులు నశించిన ఆహారము పెట్టి చూచెను. వానికి అతిసారము పట్టి, ప్రేవుల గోడలు పలుచబడి వాచినవి. విటమిను లోపము ప్రేవునకు తగులు దెబ్బయని తొలినాళ్ళలోనే ఎత్తిచూపినవారిలో ఆయన యొకడు.

తెలంగాణమున జొన్న తినువారిలో నయాసిన్ కొరతతో కనబడిన పెల్లాగ్రా మరియొక ఉదాహరణము. ఎండ తగిలిన చోట్ల చర్మము నల్లబడుట, మతి చలించుట, వీనితో పాటు విడువని విరేచనములు దాని లక్షణములు. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయములో గోపాలన్, శ్రీకాంతయ్య దీనిని పరిశీలించి, జొన్నలోని లూసిన్ అను పదార్థమునకు ఇందు సంబంధమున్నదని 1960లో ప్రకటించిరి. దాని కథ వేరు. మనము మరల ఉండికి వత్తము.

ఉండి నుండి భీమవరము ఎంత దూరము? బస్సు ఎక్కి టిక్కెట్టు తీసికొను లోపల సగము దారి గడచును. ఆ భీమవరమున 1895 జనవరి 12వ తేదీన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆయన పేరు వినగానే ఆయన కనుగొనిన మందులను తలతుము గాని, ఆయన కుటుంబమును కాల్చిన వ్యాధిని తలపము. ఇంగ్లీషు వైద్యులు స్ప్రూ అను పేరుతో పిలుచు ఆ వ్యాధి మన ఆయుర్వేదములోని గ్రహణికి చాల దగ్గరిది. నాలుక పూయును, మలము తెల్లగా, జిడ్డుగా, విస్తారముగా పోవును, మనిషి నెలల తరబడి చిక్కి శల్యమగును. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్ది దినముల ఎడముతో ఆ వ్యాధికి బలియైరి. తరువాత అది ఆయనను కూడ పట్టుకొన్నది. మదరాసులో ఇంగ్లీషు వైద్యము చదివియు ఆయుర్వేదమునకు అంకితులైన ఆచంట లక్ష్మీపతిగారు చికిత్స చేసి ఆయనను బ్రతికించిరి. ఆనాటి ఇంగ్లీషు వైద్యమునకు ఆ వ్యాధి కారణము తెలియదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావుగారు కొంతకాలము శరీరశాస్త్రము బోధించి, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయమును, మామగారి సహాయమును పొంది ఓడ ఎక్కిరి. 1923 అక్టోబరులో బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయమున చేరిరి. తన సోదరులను తినివేసిన వ్యాధుల శాస్త్రమునే ఆయన చదువగోరెను.

హార్వర్డులో ఆయన ఫిస్కే అను ఆచార్యునితో కలిసి చేసిన పనులు జీవరసాయన శాస్త్రమున నిలిచిపోయినవి. వానిని విస్తరించి చెప్పుటకు ఇది తావు కాదు. ఆ కాలముననే మరియొక దారిన ఈ వ్యాధి గుట్టు కొంత విప్పబడుచున్నది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, మిల్లులలో పనిచేయు బీద గర్భవతులలో కనబడు ఒక విధమైన రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు నుండి తీసిన చవుక పదార్థమును తినిపించగా వారు కోలుకొనిరి. అందేదో తెలియని పోషకము కలదని ఆమె 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలోని టెక్సాసులో మిచెల్, స్నెల్, విలియమ్సు అను శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి కొద్దిపాటి సారమును తీసి, లాటిను భాషలో ఆకునకుగల పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మన భాషలో చెప్పవలెనన్న ఆకుల పులుసు! కాని నాలుగు టన్నుల ఆకుకూరతో ఎంత మంది రోగులను బాగుచేయగలము?

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి అచ్చటి పరిశోధనలకు సారథ్యము వహించిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము కాలేయములోను తదితరములలోను ఉన్న ఈ పదార్థపు నిర్మాణమును తెలిసికొని 1945లో కృత్రిమముగా తయారుచేసినది. ఇక టన్నుల కొలది ఆకుతో పని లేదు. టామ్ స్పైస్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి దీనిని క్యూబా, పోర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచెను. మండిన నాలుకలు చల్లబడినవి, ఆకలి పుట్టినది, రక్తము హెచ్చినది. ఆ ఫలితములు 1946, 1947 సంవత్సరములలో వెలువడినవి. భీమవరపు ఇంటిలో ఇద్దరు సోదరులు రాలిపోయిన పాతికేండ్లకు ఆ వ్యాధికి ఒక మందు, ఆ ఇంటి బిడ్డ నడిపిన ప్రయోగశాల నుండియే వచ్చినది.

ఒక మందు అంటిమి గాని పూర్తి మందు అనలేదు. ఫోలిక్ ఆమ్లముతో నాలుకయు రక్తమును బాగుపడినను కొందరిలో ప్రేవు పూర్తిగా బాగుపడలేదు. 1960 దశకమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకర్, మథాన్ అను వైద్యులు దక్షిణ భారతమున పల్లెలకు పల్లెలను పట్టుకొన్న స్ప్రూను పరిశీలించిరి. చిన్నప్రేవులో చేరరాని సూక్ష్మజీవులు చేరి మొలకలను పాడుచేయుటయు, ఆ మీదట విటమినులు ఒంటబట్టకపోవుటయు ఈ వ్యాధి మార్గమని నేడు చాలమంది వైద్యుల అభిప్రాయము. అందుచేత ఫోలిక్ ఆమ్లముతో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందును కూడ ఇత్తురు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను కనుగొన్నవాడు డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు. అదియు 1948లో, అదే లెడర్లీలో, సుబ్బారావుగారి హయాములోనే వెలువడినది. ఆ యేడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఓడ ఎక్కిన నాటి నుండి ఆయన మరల గోదావరి నీరు త్రాగలేదు.

ఉత్తరమునకు జవాబు సిద్ధము చేయుచుండగనే, ఉండిలోని కృషి విజ్ఞాన కేంద్రమున వ్యవసాయ కార్యక్రమమొకటి రికార్డు చేయవలసిన పని మాకు తగిలినది. తిరుగు దారిలో ఆ యిల్లు వెదకికొని పోయితిమి. ఇంటికి మూడు దిక్కుల చేపల చెరువులు. లోపల మంచము మీద అత్తగారు. "రేడియోవారా? ఏం తిన్నా ఒంటబట్టదండి బాబూ, నాకు కాలం దగ్గరపడింది" అని ఆమె నవ్వినది. మేము అడిగిన మీదట ఒక్కొక్క సంగతియే బయటపడినది. పది పన్నెండేండ్లుగా చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడుచున్నది. ఛాతి మంటకని ఆమ్లమును తగ్గించు మాత్ర ప్రతి ఉదయము తప్పదు. భర్త పోయిన యేడు కార్తికములో నీచు మానినది, మరల ముట్టలేదు. పాలు పడవని పెరుగు కూడ విడిచినది. పత్యము పేరుతో అయిదు నెలలుగా చారు, మెత్తని అన్నము, వేయించిన శొంఠి. ఆకుకూర వేడియనియు, పప్పు వాతమనియు ఇరుగుపొరుగువారు చెప్పగా రెండును మానిపించిరి. చుట్టును చేపలు ఎగురుచుండ, ఆ విస్తరిలో బి12 అణువు కూడ లేదు!

అది ఆకుల నుండి వచ్చు విటమిను కాదు. చేప, మాంసము, గ్రుడ్డు, కొంత పాలు పెరుగు, వీనియందే అది దొరకును. కడుపులోని ఆమ్లము దానిని ఆహారము నుండి విడదీయవలెను, కడుపులోనే పుట్టు ఒక పదార్థము దానిని వెంటబెట్టుకొని చిన్నప్రేవు తుదివరకు పోవలెను, అచ్చటనే అది ఒంటబట్టవలెను. వార్ధక్యము, ఆమ్లము తగ్గించు మాత్రలు, దీర్ఘకాలము వాడిన మెట్‌ఫార్మిన్ ఈ ప్రయాణమునకు అడ్డములు. కాలేయములో దీని నిలువ కొన్ని యేండ్లకు సరిపోవును గనుక లోపము మెల్లగా, తెలియకుండ వచ్చును.

మమ్ములను కలవరపెట్టినది వేరొకటి. బయలుదేరబోవుచుండగా కోడలు, "అరికాళ్ళు దూది మీద నడిచినట్లుంటాయంటారు, రాత్రిళ్ళు తిమ్మిరులు" అన్నది. బలం బిళ్ళల అట్టను తెప్పించి చదివితిమి. ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రమే కలవు. బి12 కొరవడిన మనిషికి ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనిపించును, మొగము కాస్త తేరుకొనును. లోలోపల నరములు చెడుచునే యుండును. ఆలస్యమైనచో ఆ చెడుపు తిరిగి రానిది. సుబ్బారావుగారి మందే, చూడక వేసినచో, ముసుగు కప్పగలదు. మందుల దుకాణములో అడిగిన వెంటనే దొరకు ఈ బిళ్ళను మనవారు బియ్యపు గింజవలె నిరపాయకరమని తలతురు. మేము చికిత్స చెప్పలేదు. మరుసటి దినమే భీమవరము తీసికొనిపోయి రక్తములో ఈ రెండు విటమినులును పరీక్షింపజేయుడనియు, వాడుచున్న మాత్రలన్నియు వైద్యునికి చూపుడనియు, చక్కెర మాత్రను మాత్రము తమంత తాము మానవలదనియు చెప్పి వచ్చితిమి.

పత్యమును గూర్చి రెండు మాటలు. మా బాల్యమున జ్వరమునకు లంఘనము, విరేచనములకు వడకట్టిన చారు. ఆ మూడు నాళ్ళ పత్యము వలన మాకు కీడేమియు జరిగినట్లు తోచదు. నీళ్ళ విరేచనములు పట్టినప్పుడు ఉప్పు, పంచదార కలిపిన నీటితో పాటు అన్నము, మజ్జిగ మంచివే. కాని మూడు నాళ్ళకు ఏర్పడిన నియమమును అయిదు నెలలకు సాగదీయుట పత్యము కాదు, పస్తు. ఫోలిక్ ఆమ్లపు నిలువ దేహములో కొన్ని నెలలకే సరిపోవును. విక్టర్ హెర్బర్ట్ అను అమెరికా వైద్యుడు 1960 ప్రాంతమున తన ఆహారమును ముమ్మారు ఉడికించి, నీరు పారబోసి, ఆ పిప్పినే తినుచు తన మీదనే ప్రయోగము చేసికొనెను. సుమారు నాలుగున్నర నెలలకు రక్తహీనత బయటపడినది. గంజి వార్చి పారబోయువారును, ఆకుకూరను ముద్దయగువరకు ఉడికించి ఆ నీరు పిండివేయువారును ఆయన ప్రయోగమును తెలియకయే కొంత మేర అనుకరించుచున్నారు. తోటకూర, బచ్చలి, గోంగూర మూతపెట్టి కొద్ది నీటిలో మగ్గించి ఆ నీటితోనే దింపవచ్చును. పెసలు, శనగలు, మినుములు, అలసందలు ఫోలిక్ ఆమ్లమునకు మంచి నిధులు. నోరు మండువానికి పెసరకట్టు మెత్తగా కాచి, కారము వేయక ఇచ్చినచో తినలేకపోడు. రెండు వారములు దాటిన విరేచనములు, మానని నోటిపూత, తిమ్మిరులు, కారణము లేక తగ్గు బరువు కనిపించినప్పుడు ఇంటి వైద్యము చాలించి వైద్యుని చూడవలెను. అన్ని నోటిపూతలును విటమిను లోపములు కావు; ఆ నిర్ణయము వైద్యునిది.

రెండు నెలలకు ఆ సోదరి నుండి మరియొక ఉత్తరము వచ్చినది. అత్తగారి రక్తములో బి12 చాల తక్కువగా తేలినదట. సూదిమందు మొదలుపెట్టిన వారమునకే నాలుక చల్లబడినదట, మరి కొన్నాళ్ళకు విరేచనములు కట్టినవట. అరికాళ్ళ తిమ్మిరి మాత్రము ఇంకను కొంత ఉన్నదట. దానికి నెలలు పట్టవచ్చునని వైద్యుడు చెప్పెనట. ఆమె గోంగూర పప్పు అడిగి వేయించుకొని తినుచున్నది, పెరుగు మరల మొదలుపెట్టినది, చేప మాత్రము ముట్టనన్నది. కావున సూదిమందు ఆపరాదని వైద్యుని మాట. ఉత్తరము అడుగున అత్తగారి కోరికగా ఒక పాత పాట పేరు కూడ వ్రాసినారు. దానిని వచ్చే శుక్రవారము వినిపింతుము.